దొంగతనం అనుమానంతో తీసుకెళ్ళి కొట్టారు, అరెస్టు అని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు ఏం చేయొచ్చు?

మీరు అడిగింది ఇదీ: "మా తమ్ముడు బెంగళూరులో ఒక షోరూంలో పనిచేస్తాడు. సరుకు పోయిందని మఫ్టీలో వచ్చి స్టేషనుకు తీసుకెళ్ళారు. రాత్రంతా కొట్టి పొద్దున వదిలేశారు. అరెస్టు అని ఎక్కడా రాయలేదు. ఇలా కొట్టే హక్కు పోలీసులకు ఉందా? మేం ఏం చేయాలి?"

లేదు, ఆ హక్కు ఎవరికీ లేదు. దాని సంగతి కింద రాస్తాను. అంతకంటే ముందు మీ తమ్ముణ్ణి మూత్రం ఏ రంగులో వస్తోందో అడగండి. ముదురు గోధుమ రంగులోనో, నల్లగానో వస్తుంటే ఈ జవాబు చదవడం ఆపి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తొడల మీద, పిరుదుల మీద గట్టిగా కొడితే కండరం లోపల చితికి, అందులోంచి వచ్చేది కిడ్నీలను దెబ్బతీస్తుంది. పైకి మాత్రం మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు. "నొప్పులే కదా, జండూబామ్ రాస్తే పోతుంది" అని ఇంట్లో పడుకోబెట్టడం ప్రమాదం.

నేను వకీలుని కాను. మారతహళ్ళి వైపు ఆంధ్రా పీజీ నడుపుతాను. మా దగ్గర హౌస్‌కీపింగ్‌లో ఉన్న కుర్రాడికి అచ్చం ఇదే జరిగింది. రాయచోటి వైపు నుంచి వచ్చినవాడు, కన్నడ మాట్లాడతాడు గానీ చదవలేడు. ఆ వ్యవహారంలో మాకు సాయపడ్డ వకీలుగారు కోలారు మనిషి, వాళ్ళింట్లో తెలుగే. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

అరెస్టు చేసేటప్పుడు మనిషి ఎదురు తిరిగినా, పారిపోబోయినా లొంగదీసుకోవడానికి కావాల్సినంత బలం వాడొచ్చని చట్టమే చెబుతుంది. అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు ఇదే నడుస్తోంది. దాంట్లోనే 46వ సెక్షన్, తప్పించుకోకుండా ఆపడానికి అవసరమైన దానికి మించి నిర్బంధం ఉండకూడదంటుంది. అంటే మనిషి చేతికి చిక్కి కుర్చీలో కూర్చున్నాక పడే మొదటి దెబ్బ నుంచీ అంతా నేరమే. "కొంచెం గట్టిగా అడిగాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

పైగా ఒప్పించడానికో, పోయిన సొత్తు రాబట్టడానికో కొడితే దానికి విడిగా సెక్షన్ ఉంది. భారతీయ న్యాయ సంహితలో 120, పాత ఐపీసీలో 330, 331. ఏడేళ్ళ దాకా జైలు, తీవ్రగాయమైతే పదేళ్ళ దాకా. వకీలుగారు ఆ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణలు చూపిస్తే నాకు ఆశ్చర్యమేసింది. నేరం ఒప్పుకోమని పోలీసు అధికారి ఒకణ్ణి హింసించడం ఒకటి, దొంగసొత్తు ఎక్కడ దాచాడో చూపించమని హింసించడం ఇంకొకటి. 1860లో తెల్లవాళ్ళు రాసిన చట్టానికే ఈ నేరం ఎవరు చేస్తారో తెలుసన్నమాట.

మరి ఎందుకు కొడతారు? దొంగతనం కేసుల్లోనే ఎక్కువ ఎందుకు? పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, అది సాక్ష్య చట్టంలో ఎప్పటినుంచో ఉంది. కానీ దానికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. కొత్త సాక్ష్య చట్టంలో ఇది 23వ సెక్షన్‌లో ఉంది. అందుకే స్టేషన్‌లో అందరి నోటా "రికవరీ, రికవరీ" అనే మాట. ఫింగర్‌ప్రింట్లు తీయడం, సీసీటీవీ జల్లెడ పట్టడం, పాత సామాన్ల షాపులు తిరగడం చాలా పని. లాఠీకి అంత శ్రమ లేదు.

దీంట్లో మన వాటా కూడా ఉంది. మా పీజీలో రెండు ల్యాప్‌టాప్‌లు పోయినప్పుడు స్టేషనుకు వెళ్ళిన కుర్రాళ్ళు, మంచి కంపెనీల్లో పనిచేసేవాళ్ళే, "సార్, రెండు తగిలిస్తే వాడే చెప్తాడు" అన్నారు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చేసినప్పుడు పోలీసుల మీద పూలు చల్లింది మన తెలుగువాళ్ళే. ఆ నలుగురినీ చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ రిపోర్టు వచ్చిన రోజు మా పీజీ వాట్సాప్ గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో "అరెస్టు అని ఎక్కడా రాయలేదు" అన్న ముక్క ఉంది చూశారా, కీలకం అదే. ఆచరణలో నిందితుడి హక్కులన్నీ అరెస్టు కాగితంతో మొదలవుతాయి. దెబ్బలు పడేది ఆ కాగితం పుట్టకముందు. తీసుకెళ్ళిన టైముకూ రాసిన టైముకూ మధ్య ఉండే ఆ గంటలు పోలీసు లెక్కలో లేనే లేవు. కాబట్టి ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పనల్లా, ఆ గంటలు ఎక్కడో ఒకచోట రికార్డులోకి ఎక్కేలా చూడటం. గొడవ పడటం, బతిమాలడం, ఎమ్మెల్యే మనిషితో ఫోన్ చేయించడం అన్నీ దాని తర్వాతే.

చట్టం ప్రకారం పోలీసులు మనిషిని పిలిచే దారులు మూడే. సాక్షిగా అయితే అదే సురక్షా సంహితలో 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్ళను, పదిహేనేళ్ళ లోపు మగపిల్లల్ని, అరవై దాటిన మగవాళ్ళను స్టేషనుకు రమ్మనకూడదు, వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలి. అనుమానితుడిగా అయితే 35(3) కింద నోటీసు ఇవ్వాలి. లేదంటే అరెస్టు చేయాలి. ఇంట్లో దొంగతనం, పనివాడు చేసిన దొంగతనం లాంటి వాటికి శిక్ష ఏడేళ్ళ దాకానే. ఏడేళ్ళ లోపు కేసుల్లో ఊరికే అరెస్టు చేయకూడదని, చేస్తే ఎందుకు అవసరమైందో రాయాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. "ఊరికే ఎంక్వైరీకి" అని రాత్రంతా కూర్చోబెట్టే నాలుగో దారి ఏ పుస్తకంలోనూ లేదు.

మా కుర్రాణ్ణి చీకటి పడే వేళ ఇద్దరు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. యూనిఫాం లేదు, పేరు లేదు. వాడి ఫోన్ స్విచాఫ్. నాకు కాళ్ళాడలేదు. తిన్నగా స్టేషనుకు వెళ్ళబోతుంటే వకీలుగారు ఫోన్‌లోనే ఆపి, ముందు 112కి కొట్టమన్నారు. "మా పనివాణ్ణి ఫలానా టైముకు ఫలానా బండి మీద ఇద్దరు తీసుకెళ్ళారు, పోలీసులమన్నారు, ఏ స్టేషనో తెలియదు" అని చెప్పమన్నారు. ఆ కాల్ రికార్డవుతుంది, టైము పడుతుంది. తర్వాత అదే విషయం నాలుగు లైన్లలో ఇన్‌స్పెక్టర్ అధికారిక నంబరుకు మెసేజ్, డీసీపీ ఆఫీసుకు, కమిషనర్ ఆఫీసుకు ఈమెయిల్. తిట్లూ ఆరోపణలూ ఏమీ వద్దు, పేరు, వయసు, టైము, బండి నంబరు చాలన్నారు. వెనకటి వకీళ్ళు ఈ పనికి టెలిగ్రాం ఇచ్చేవాళ్ళట. పోస్టాఫీసు ముద్రలో తేదీ, టైము ఉంటుంది, ఎవరూ కాదనలేరు. 2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు క్రిమినల్ కోర్టుల వకీళ్ళు నిజంగా బాధపడ్డారని ఆయన నవ్వుతూ చెప్పారు.

స్టేషన్‌లో ఎస్సై "ఇక్కడ ఎవరూ లేరు, వెళ్ళండి" అన్నాడు. సెంట్రీలో ఉన్న కానిస్టేబుల్ మాత్రం నోరు విప్పకుండా కళ్ళతోనే మేడమెట్లు చూపించాడు. వకీలుగారు గొంతు పెంచలేదు. ఒకటే ప్రశ్న అడిగారు: "అరెస్టు చేశారా, చేయలేదా? చేస్తే అరెస్టు మెమో ఇవ్వండి, నేను కలవాలి. చేయకపోతే నాతో పంపించండి, నోటీసు ఇస్తే రేపు నేనే తీసుకొస్తాను." ఎన్నిరకాలుగా దాటవేసినా మళ్ళీ అదే మాట. దానికి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. చేశామంటే గంటలు లెక్కలోకి వస్తాయి, చేయలేదంటే వదలాలి.

అర్ధరాత్రి దాటాక కిందికి దించారు. అరికాళ్ళ మీద కొట్టారు, మడమలు ఆనించకుండా నడుస్తున్నాడు. వదలడానికి ముందు కన్నడంలో రాసిన ముచ్చళికె, అంటే హామీపత్రం, ఒకటి పెట్టారు. నేనే స్వయంగా వచ్చాను, నన్నెవరూ ఏమీ అనలేదు, ఒంటి మీద గాయాలేవీ లేవు, పిలిచినప్పుడల్లా వస్తాను. ఇదీ దాని సారాంశం. వకీలుగారు చదివి, చివరి ముక్క తప్ప అన్నీ కొట్టేయించాకే సంతకం పెట్టించారు. మీ తమ్ముడితో కూడా ఇలాంటి కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ఉంటారు. గుర్తు తెచ్చుకోమనండి. వేసేసి ఉంటే మరీ టెన్షన్ పడకండి. దెబ్బలు చూపించే డాక్టర్ కాగితం ఉంటే ఆ ముచ్చళికెకు పెద్దగా విలువ ఉండదు, పైగా "గాయాల్లేవని ముందే ఎందుకు రాయించుకున్నారు?" అని ఎదురు అడగొచ్చు.

అటునుంచి అటే ప్రభుత్వాస్పత్రికి వెళ్ళాం. బౌరింగ్, విక్టోరియా లాంటి పెద్దాస్పత్రి అయితే మంచిది, ప్రైవేటులో పోలీసు మాట వినగానే కొందరు వెనక్కి తగ్గుతారు. క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే గాయాలు, అవి ఎలా తగిలాయో ఆస్పత్రి రాసే రికార్డు) రాయమని అడగాలి. అక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఎవరు కొట్టారని డాక్టర్ అడిగితే మావాడు భయపడి "కింద పడ్డాను" అనబోయాడు. ఆ ఒక్క మాట రిజిస్టరులో పడితే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. "పోలీసులు, లాఠీతో, నిన్న రాత్రి" అని చెప్పాలి, అలాగే రాశారో లేదో చూసుకోవాలి. లాఠీ దెబ్బ చర్మం మీద రెండు సమాంతర గీతలుగా కముకుతుంది, మధ్యలో తెల్లగా ఉంటుంది. అది డాక్టర్లకు బాగా తెలిసిన గుర్తు. అరికాళ్ళ మీద మాత్రం పైకి పెద్దగా కనబడదు. వాపు, నడవలేకపోవడం రాయించుకుని ఎక్స్‌రే అడగాలి. రోజూ ఫోటో తీయండి, కముకు రంగు మారుతూ ఉంటే దెబ్బ ఎప్పటిదో దాన్నిబట్టి కొంత చెప్పొచ్చు. ఆలస్యమైందని ఊరుకోవద్దు, మూడోరోజు వెళ్ళినా ఎంతో కొంత దొరుకుతుంది.

ఒకవేళ మళ్ళీ పిలిచి ఈసారి అరెస్టు చూపించారనుకోండి. అప్పుడు వర్తించేవి డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన పదకొండు సూచనలు. అందులో చాలావరకు ఇప్పుడు చట్టంలోకే వచ్చాయి. అరెస్టు చేసేవాళ్ళ ఒంటి మీద పేరు కనబడాలి. మెమో మీద ఇంట్లోవాళ్ళో, ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, టైము, తేదీ ఉండాలి. ఇంట్లోవాళ్ళకు కబురు చేయాలి. డాక్టర్ పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికో, అతను చెప్పిన వాళ్ళకో ఇవ్వాలి. ప్రశ్నలు అడిగేటప్పుడు వకీలును కలవనివ్వాలి, కాకపోతే మొత్తంసేపు పక్కన కూర్చోనివ్వాలని లేదు. మన బోటి వాళ్ళకు బాగా పనికొచ్చేది 2025 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. ఏ కేసైనా సరే, ఎందుకు అరెస్టు చేశారో రాసివ్వాలి, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. కన్నడం చదవడం రాని తెలుగు కుర్రాడికి కన్నడం కాగితం ఇచ్చి చేతులు దులుపుకోవడం ఇక కుదరదు. వకీలు చేత ఈ మాట ఎత్తించండి.

ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. "పోలీసులు ఏమైనా చేశారా?" అని ఆయన అడిగే ఆ అర నిమిషమే నిందితుడికి దక్కే అవకాశం. దారిలో వ్యానులోనే "నోరు విప్పావో మళ్ళీ మా దగ్గరికే వస్తావ్" అని బెదిరిస్తారు. తెలుగులోనే చెప్పమనండి, చొక్కా ఎత్తి చూపించమనండి, అడగకపోయినా చెప్పమనండి. తమిళనాడులో సాత్తాన్‌కుళంలో 2020 జూన్‌లో ఏమైందో తెలుసుగా. సెల్‌ఫోన్ షాపు తండ్రీకొడుకులు, లాక్‌డౌన్ వేళ దాటినా షాపు తెరిచారన్న కేసు. స్టేషన్‌లో అంత దారుణంగా కొట్టాక కూడా ఆస్పత్రిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చింది, మేజిస్ట్రేటు రిమాండ్ ఇచ్చారు, కోవిల్‌పట్టి సబ్‌జైలుకు చేర్చారు. కొద్దిరోజుల్లోనే ఇద్దరూ పోయారు. ఆపడానికి డాక్టర్ ఉన్నాడు, మేజిస్ట్రేటు ఉన్నాడు, ఒక్కరూ ఆ మనుషుల్ని సరిగ్గా చూడలేదు.

మీ తమ్ముడి విషయంలో ఇంకా చేతిలో ఉన్నది సీసీటీవీ. స్టేషన్ గేటు, వరండా, హాలు, లాకప్, ఎస్సై గది అన్నిచోట్లా కెమెరాలుండాలని, రికార్డింగు పద్దెనిమిది నెలలు ఉంచాలని, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పరమవీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. అవి సరిగ్గా పనిచేయడం లేదని 2025లో అదే కోర్టు తనంతట తానే మళ్ళీ కేసు తీసుకుంది కాబట్టి మరీ ఆశ పెట్టుకోవద్దు. అయినా ఆ రాత్రి ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా ఫుటేజీ భద్రపరచమని రాసిచ్చి, రశీదు తీసుకోండి. మేడమీద కొట్టిన దృశ్యం దొరక్కపోవచ్చు. లోపలికి నడుచుకుంటూ వెళ్ళి కుంటుతూ బయటికొచ్చినట్టు గేటు కెమెరాలో ఉన్నా చాలు. ఎదురు షాపు కెమెరా కూడా అడగండి, ముందు అదే అడగండి, వాటిలో రికార్డింగు త్వరగా చెరిగిపోతుంది.

ఫిర్యాదు ఎక్కడ అంటే, డీసీపీకి, కమిషనరుకు రాయడం మొదటి మెట్టు. కర్ణాటకలో పోలీసు ఫిర్యాదుల ప్రాధికారం ఉంది, పోలీసుల మీద తీవ్రమైన ఆరోపణలు వినడానికే పెట్టింది. మానవ హక్కుల కమిషనుకు అయితే జరిగిన ఏడాది లోపే వెళ్ళాలి. పోలీసుల ద్వారా కాకుండా మనమే నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ కూడా వేయొచ్చు, కానీ అక్కడ ఒక చిక్కుంది. డ్యూటీలో భాగంగా చేసిన పనికి కేసు పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని కర్ణాటక పోలీస్ చట్టం 170వ సెక్షన్ చూపించి కొట్టేయిస్తారు. బెంగళూరు పోలీసుల మీద వేసిన ఒక కేసు ఇదే కారణం మీద 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. అందుకే ఈ దారిలో వెళ్ళేముందు క్రిమినల్ వైపు అనుభవమున్న వకీలుతో మాట్లాడాలి. ఇప్పుడు బయటే ఉన్నాడు కాబట్టి ఉచిత వకీలు దొరకడం ఆదాయాన్నీ, కులాన్నీ బట్టి ఉంటుంది. కస్టడీలోకి తీసుకుంటే మాత్రం ఆదాయంతో పనిలేదు. ఎలాగైనా ఉచిత న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేసి అడగండి.

మా కుర్రాడు చివరికి ఫిర్యాదు ఇవ్వలేదు. వాళ్ళ నాన్న ఊరినుంచి వచ్చి "బతకడానికొచ్చినోళ్ళం, మనకెందుకు సార్" అని తీసుకెళ్ళిపోయాడు. వకీలుగారు ఒప్పించడానికి చూశారు గానీ నేను బలవంతం చేయలేదు. స్టేషన్ ఉన్న వీధిలోనే మళ్ళీ కూరగాయలకు తిరగాల్సింది వాడే కదా. ల్యాప్‌టాప్‌లు దొరకలేదు. మాటల్లో వాణ్ణి దొంగ చేసిన ఇద్దరు కుర్రాళ్ళను మాత్రం నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాను, నాకు నష్టమే, అయినా సరే.

మీ ఇంట్లో వద్దనుకున్నా అది మీ ఇష్టం. కానీ ఆ నిర్ణయం రేపు తీసుకున్నా, ఆరునెలలకు తీసుకున్నా పరవాలేదు, ఎంఎల్‌సీ మాత్రం ఇవాళే చేయించండి. మళ్ళీ ఫోన్ చేసి రమ్మంటే 35(3) నోటీసు రాసివ్వమనండి. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని కూడా కోర్టు చెప్పింది. నోటీసు చేతికొస్తే మాత్రం తప్పకుండా వెళ్ళాలి, వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ఒంటరిగా పంపకండి, వెళ్ళిన టైము ఎవరో ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్ళమనండి. తమ్ముడికి పద్దెనిమిది నిండలేదంటే కామెంట్‌లో చెప్పండి. అప్పుడు లెక్కే వేరు, పిల్లల్ని లాకప్‌లో పెట్టడానికే వీల్లేదు.